నా కొలతలకు కట్టిన కారు

కార్లంటే మా నాన్నకు పిచ్చి అని క్వార్టర్సులో అందరూ అనుకునేవారు. పిచ్చీ లేదు, పాడూ లేదు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను. నాన్నకు ఉన్నదల్లా నా కుడి కాలి గురించిన బెంగ ఒక్కటే.

నాకు రెండేళ్ళు నిండకముందే పోలియో వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కుడి కాలు మళ్ళీ లేవలేదట. మోకాలి కింద సన్నగా ఎండిపోయి, పాదం లోపలికి తిరిగిపోయింది. తొడ దగ్గర్నుంచి బూటు దాకా రెండు ఇనుప కడ్డీలు, మధ్యలో తోలు పట్టీలు. మోకాలి దగ్గర గొళ్ళెం వేస్తే కాలు నిటారుగా నిలబడుతుంది, తీస్తే కూలబడుతుంది. ఎడమ కాలు మాత్రం శుభ్రంగా ఉండేది. ఒంటికాలి మీద గెంతడంలో నన్ను మించినవాళ్ళు లేరని చిన్నప్పుడు గొప్పలు పోయేదాన్ని కూడా.

నాన్న వైమానిక దళంలో సార్జెంటు. విమానాల బాడీ మరమ్మతు ఆయన పని. డెబ్బైల చివర్లో ఢిల్లీ కంటోన్మెంటు దాటాక, పాలం వైపు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. అమ్మానాన్నలిద్దరిదీ కాకినాడ వైపు. నాన్న హిందీ పరవాలేదు. అమ్మ హిందీ కూరగాయల బండి దాకానే. ‘ఆలూ’, ‘కిత్‌నా’, ‘నహీ’, ‘బస్’, ఇంకో పదో పన్నెండో మాటలు, మిగతాదంతా చేతులతో. నేను మాత్రం వీధిలో పెరిగినదాన్ని కదా, కలలు కూడా హిందీలోనే వచ్చేవి. అమ్మ తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పి ఇంకో రెండు తిట్లు తినేదాన్ని.

స్కూలు దగ్గరే కాబట్టి నాన్న సైకిలు మీద దింపేవాడు. చిక్కంతా కాలేజీ దగ్గర వచ్చింది. నేను పదకొండో తరగతిలో ఉండగానే తెగేసి చెప్పేశాను, యూనివర్సిటీలోనే చదువుతాను, హిస్టరీ ఆనర్సు చేస్తాను, ఇంట్లో కూర్చుని పోస్టులో వచ్చే పాఠాలు చదవను అని. యూనివర్సిటీ ఏమో ఊరికి ఆ చివర, మేము ఈ చివర. సిటీ బస్సు సరిగ్గా ఆగేదే కాదు. నెమ్మదిస్తుంది, మగపిల్లలు ఎగిరి పట్టుకుంటారు, కండక్టర్ బస్సు రేకు మీద చేత్తో కొడతాడు, బస్సు పోతుంది. ఒకసారి నా కడ్డీల కాలు మెట్టు మీద పెట్టి, రెండోది ఇంకా రోడ్డు మీద ఉండగానే కదిలింది. చెయ్యి వదిలేయబట్టి బతికాను. హాస్టల్లో ఖాళీలన్నీ పై అంతస్తుల్లోనే. రోజూ ఆటోకి నాన్న జీతం చాలదు. కాబట్టి నేను నడపగలిగే బండి ఉంటే కాలేజీ, లేకపోతే లేదు. ఇందులో గూఢార్థం ఏమీ లేదు. మా ఇంట్లో ఆ రెండేళ్ళూ అన్నం దగ్గరా, పడకల దగ్గరా ఇదే మాట.

ఇప్పుడు ఆ పిచ్చివాళ్ళ గురించి. పాలం ఊరి చివర, గేదెల కొట్టం పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని యజమాని సైన్యంలో డ్రైవరు మెకానిక్కుగా చేసి రిటైరైన హర్యానా ఆయన. మేము పాలం అంకుల్ అనేవాళ్ళం. వారమంతా ట్రాక్టర్లూ, స్కూటర్లూ బాగుచేసి పొట్టపోసుకునేవాడు. ఆదివారం మాత్రం షెడ్డు తలుపులు తెరిచి, కంటోన్మెంటులో బళ్ళ పిచ్చి ఉన్న నానా రకాల మనుషులకీ అప్పజెప్పేసేవాడు. ఒకడు స్కూటరుకి రేకుతో పడవలాంటి తొట్టి కట్టి అందులో పెళ్ళాం పిల్లల్ని కూర్చోబెట్టి ఊరేగించేవాడు. ఒకడు మిలిటరీ వేలంలో కొన్న జీపుకి చెక్క తలుపులు పెట్టాడు, వానకి ఉబ్బి అవి తెరుచుకునేవి కావు, కిటికీలోంచి దూరి ఎక్కేవాడు. ఒక తమిళ ఆయన మూడేళ్ళుగా ఒకే మోటారు సైకిలు విప్పి కడుతూనే ఉన్నాడు. ఆ బండి రోడ్డెక్కగా చూసినవాళ్ళు లేరు.

అమ్మ వాళ్ళని ‘ఇనప సన్నాసులు’ అనేది. “పెళ్ళాల పోరు పడలేక పోయి ఆ షెడ్డులో తపస్సు చేస్తున్నారు. మీరు కూడా కలిశారా ఏవండీ?” అని నాన్నని దెప్పేది. కలిశాడు. పాత ఢిల్లీలో ఎవరో డాక్టరు ఇంటి వెనక కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న చిన్న విలాయతీ కారొకటి ఉందని ఆ సన్నాసులే పట్టుకొచ్చారు. ఇంజన్ బిగుసుకుపోయింది, సీట్లలో ఎలుకలు, ఒక దీపం లేదు. దాన్ని తాడు కట్టి జీపుతో లాక్కొచ్చిన రోజు షెడ్డులో జిలేబీలు పంచారట. నాన్న ఇంటికొచ్చి, చేతులకి అంటిన గ్రీజు కడుక్కోకుండానే నా ఎదురుగా కూర్చుని, “అమ్మలూ, నీ కారు వచ్చేసిందే!” అన్నాడు.

ఆ చలికాలమంతా ఇంజనుతోనే సరిపోయింది. ప్రతి ఆదివారం పొద్దున్నే నాన్న ఇడ్లీలు మూటగట్టుకుని పోయేవాడు. వారం మధ్యలో సాయంత్రాలు జామా మసీదు వెనక పాత సామాన్ల బజారులో పిస్టన్ రింగుల కోసం, కాశ్మీరీ గేటులో రబ్బరు సీళ్ళ కోసం తిరిగేవాడు. ఒకసారి నన్ను కరోల్ బాగ్ తీసుకెళ్ళి సీటుకి రెక్సిను ఎంచుకోమన్నాడు. ముదురాకుపచ్చ రంగుది తీసుకున్నాను. షెడ్డుకి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. ఆదివారాలు అక్కడ మగవాళ్ళు బనీన్లతో బోర్లా పడుకుని బూతులు తిట్టుకుంటూ పనిచేస్తారు, ఆడపిల్లని ఎలా తెస్తాను అనేవాడు. నిజమే కాబోలు. కానీ ఆ మర్యాదే మా కొంప ముంచింది. పాలం అంకుల్ నన్ను ఎప్పుడూ చూడలేదు. సార్జెంటు గారి కూతురికి ఒక కాలు బాగాలేదు, అంతవరకే ఆయనకి తెలుసు.

చలి తగ్గే వేళకి ఇంజన్ పలికింది. ఇక మిగిలింది అసలు పని, నా కాలికి తగ్గట్టు కారుని మార్చడం. అది పాలం అంకుల్ వంతు. సైన్యంలో కాళ్ళు పోయిన జవానులకి అలాంటి బండి ఒకటి ఎవరో కట్టగా చూశాడట. నాన్న దర్జీ టేపు పెట్టి నా కొలతలు తీసుకున్నాడు. నడుం నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి, కూర్చుంటే చెయ్యి ఎంత దూరం అందుతుంది, అన్నీ. పెళ్ళికూతురికి కూడా ఇన్ని కొలతలు తియ్యరు అని అమ్మ నవ్వింది. ఆ కొలతలు అంకుల్‌కి చెప్పి, సీటు జరిపించే పని మొదలుపెట్టారో లేదో, నాన్నకి సరిహద్దు స్టేషనుకి టెంపరరీ డ్యూటీ పడింది. రెండు రోజుల్లో రైలెక్కాలి. ఆ హడావిడిలో ఏ కాలు అన్న సంగతి ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. “మీరు కానివ్వండి, నేను జూన్‌లో సెలవు మీద వస్తాను” అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను పన్నెండో తరగతి పరీక్ష రాయడానికి వెళ్ళిన ఒక పొద్దున పాలం అంకుల్ మా క్వార్టరు తలుపు తట్టాడు. తిరిగి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

“ఏమే, ఇవాళ నేను హిందీలో మాట్లాడానే!”

“ఎవరితో? ఉల్లిపాయలవాడితోనా?”

“నీ మొహం. కారాయన వచ్చాడు. నీకు ఏ కాలు బాగాలేదో అడిగాడు. టకామని చెప్పేశాను. మారు మాట లేదు, అచ్ఛా భాభీజీ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. రెండోసారి అడగలేదు తెలుసా!”

“అబ్బో, ఇంకేం, పార్లమెంటులో ప్రసంగాలు ఇచ్చెయ్యి!” అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ రాత్రి నాన్నకి రాసిన ఉత్తరంలో కూడా అమ్మ ఈ ఘనకార్యం రాయించింది. పరీక్ష ఎలా రాశానన్నది చివరి వాక్యంలో ఇరికించాల్సి వచ్చింది.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో చెప్తే నవ్వుతారు. జీపు చెక్క తలుపులాయన మా లైనులోనే ఉండేవాడు. వారానికోసారి కబురు తెచ్చేవాడు. చేతి క్లచ్ కుదిరింది, సీటు బిగించారు, రంగు వేస్తున్నారు. నాకు కారు గురించి ఓనమాలు తెలియవు. చేత్తో క్లచ్ అంటే, అన్నీ చేత్తోనే అయ్యేలా చేస్తున్నారు కాబోలు అనుకున్నాను. కుర్చీలో కూర్చుని, అప్పడాల కర్ర గేరు, స్టీలు పళ్ళెం స్టీరింగు. అమ్మ కూరగాయల బండివాడై ఎదురొచ్చేది. “హారన్ కొట్టవే గుడ్డిదానా, నా వంకాయలు తొక్కేస్తున్నావ్!” అని అరిచేది. కాలేజీ మొదటి రోజు ఏ చీర కట్టుకోవాలో కూడా నిర్ణయించేశాం. ఫలితాలు వచ్చాయి. నాకు కావలసిన కాలేజీలో హిస్టరీ ఆనర్సు జాబితాలో నా నంబరు ఉంది. ఫీజు కట్టడానికి కొన్ని రోజుల గడువు ఇచ్చారు. నాన్న సెలవు దొరికి దిగాడు. మర్నాడే ఆదివారం.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. సన్నాసులందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. కారు తెల్ల రంగులో, ముదురాకుపచ్చ సీట్లతో ఎంత ముద్దుగా ఉందంటే, అమ్మ ఆటోలోంచే దిష్టి తీసింది. పాలం అంకుల్ పెద్ద మీసాలతో నవ్వుతూ ఎదురొచ్చాడు. నేను ఆటో దిగి, మోకాలి గొళ్ళెం వేసుకుని నడిచి వస్తుంటే ఆయన చూపు నా కాళ్ళ మీద పడింది. నవ్వు ఆగిపోయింది. నా నడక మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది అలాగే అయిపోతారు. ఈయనా అంతేనా అని ఒళ్ళు మండింది. మొహం తిప్పుకుని నేరుగా వెళ్ళి కారులో కూర్చున్నాను.

సీటు నాకు సరిగ్గా సరిపోయింది. స్టీరింగు చేతికి అందింది. ఎడమ వైపు, గేరు కర్ర పక్కనే, మెరుస్తున్న పిడితో కొత్త చేతి క్లచ్ మీట ఉంది. ఎడమ కాలి దగ్గర ఉండాల్సిన క్లచ్ పెడల్ కోసేసి, దాని చోట చిన్న చెక్క పీట బిగించారు. పీట మీద మెత్తగా దూది, దాని మీద రెక్సిను. కాలు నొప్పి పుట్టకుండా. కుడి వైపు బ్రేకూ, యాక్సిలరేటరూ ఎప్పటిలాగే, కాలితో తొక్కేవి. నా కడ్డీల కాలుని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాను. బూటు పోయి యాక్సిలరేటరు మీద పడింది. నా మంచి కాలు ఆ మెత్తటి పీట మీద హాయిగా ఉంది.

“అంకుల్,” అన్నాను, “మేరా తో సీధా పైర్ ఖరాబ్ హై.” బాగాలేనిది నా కుడి కాలు కదా అని.

ఆయన నాన్న వైపు తిరిగి, చేతులు రెండూ పైకెత్తి, “సర్‌జీ, భాభీజీ నే ఖుద్ బతాయా థా. మైనే పూఛా, సీధా యా ఉల్టా. బోలీ, ఉల్టా,” అన్నాడు.

అమ్మ నా వైపు వంగింది. “ఏవిటే అంటున్నాడు?”

“ఆయన అడిగితే నువ్వే ఉల్టా అన్నావట.”

“అవును, ఉల్టా అనే చెప్పాను. పాదం తిరగబడిపోయి ఉంటే ఉల్టా అనక సీదా అంటారుటే?”

ఢిల్లీలో కుడి చేతిని సీధా హాథ్ అంటారు, ఎడమ చేతిని ఉల్టా హాథ్ అంటారు. కాళ్ళకీ అదే మాట. మా తెలుగువాళ్ళకి సీదా అంటే తిన్ననైనది, ఉల్టా అంటే తిరగబడ్డది. ఆయన కుడి కాలా, ఎడమ కాలా అని అడిగాడు. అమ్మకి తిన్ననా, వంకరా అని వినిపించింది. నా కుడి కాలు వంకర. ఇద్దరూ నిజమే మాట్లాడారు. నేను ఆ గుమ్మంలో ఉండి ఉంటే నిమిషంలో తేలిపోయేది. నేను పరీక్ష హాల్లో పానిపట్టు యుద్ధాల గురించి రాస్తున్నాను.

నాన్న ముందు తేరుకున్నాడు. “పోనీలెండి, మళ్ళీ చేద్దాం. బ్రేకు, యాక్సిలరేటరు ఎడమ కాలి వైపు జరుపుదాం” అన్నాడు. పాలం అంకుల్ తల అడ్డంగా ఊపాడు. ఆయన చెప్పింది నాకు ఈనాటికీ మాటలతో సహా గుర్తుంది. క్లచ్ పాడైతే బండి ఆగిపోతుంది సార్‌జీ, బ్రేకు పాడైతే బండి ఆగదు. క్లచ్ నా చేత్తో కోశాను, అతికాను, భయం లేదు. బ్రేకుని కోసి, అతికి, ఇంకొకరి కూతుర్ని దాని మీద కూర్చోబెట్టి ఢిల్లీ రోడ్డు మీదకి పంపడం నా వల్ల కాదు. ఎడమ కాలు అన్నారు కాబట్టే పెడళ్ళ మీద చెయ్యి వేశాను.

నేను అంతా తెలుగులో అమ్మకి చెప్పాను. అమ్మ “కుడి కాలు అని నేను సరిగ్గా చెప్పి ఉంటే ఏం చేసేవాడో అడుగు” అంది. అడిగాను.

“తో ఉసీ దిన్ హాథ్ జోడ్ లేతా, బేటీ.”

ఆ రోజే చేతులు జోడించి, నా వల్ల కాదని చెప్పేసేవాణ్ణి. అది కూడా అమ్మకి చెప్పాను. అమ్మ పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయింది. “ఓర్నాయనో... అంటే నేను తప్పు చెప్పబట్టేనటే మనం ఇన్నాళ్ళూ సంతోషంగా ఉన్నది?” అంది. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, ఆ ఇస్త్రీ చొక్కాల ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను.

నాన్న అంత తేలిగ్గా వదల్లేదు. ఆ వారమంతా షెడ్డులోనే ఉన్నాడు. సన్నాసులు తలా ఒక ఉపాయం చెప్పారు. యాక్సిలరేటరు కూడా చేతికి పెడదాం అని ఒకరు, అప్పుడు క్లచ్, గేరు, యాక్సిలరేటరు, స్టీరింగు, రెండు చేతులకి ఎన్ని పనులు చెప్తావయ్యా అని ఇంకొకరు. ఆఖరికి నాన్న తనే పూనుకుని బ్రేకు పెడల్‌కి ఎడమ వైపు ఒక ఇనుప పలక అతికించాడు. యాక్సిలరేటరుకి కూడా ఒక కడ్డీ వంచి ఇటు తెచ్చాడు. అంకుల్ వెల్డింగు యంత్రం ఇచ్చాడు గానీ, తను ముట్టుకోలేదు.

పని అయ్యాక నన్నూ అమ్మనీ మళ్ళీ తీసుకెళ్ళాడు. ముందు తను కూర్చున్నాడు. కుడి కాలు నా కాలులాగే బిర్రబిగించి పక్కకి పెట్టుకున్నాడు. ఎడమ కాలితో నడుపుతూ షెడ్డు చుట్టూ ఉన్న మట్టి మైదానంలో తిరిగాడు. బాగానే తిరిగింది. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత ఆయన కావాలనే వేగం పెంచి, బలంగా బ్రేకు తొక్కాడు. టంగుమని చప్పుడైంది. కారు ఆగలేదు. పాత టైర్ల గుట్టకి గుద్దుకుని, ఇంజన్ ఆగిపోయి నిలబడింది.

నాన్నకి దెబ్బ తగల్లేదు. దిగి, తలుపు తీసి, నేల మీద మోకాళ్ళేసి ఆ పలకని చూశాడు. అతుకు సగం దాకా విచ్చుకుంది. వేలితో తడిమాడు. లేచి, “విమానమైతే దీనికి నేను సంతకం పెట్టను” అన్నాడు.

వాళ్ళ ఉద్యోగంలో అదొక పద్ధతి. మరమ్మతు చేసినవాడు సంతకం పెడితే తప్ప విమానం లేవదు. ఆ సంతకానికి అర్థం, పైలట్ ప్రాణానికి నాది పూచీ అని. నాన్న తన సర్వీసులో సంతకం పెట్టనని మొండికేసి ఆఫీసర్లతో చివాట్లు తిన్న కథలు మాకు బోలెడు చెప్పేవాడు. మేము గర్వంగా వినేవాళ్ళం.

“ఇది విమానం కాదు నాన్నా! కారు!” అని అరిచాను. “ఇంకోసారి అతికించు. లావుగా అతికించు. నేను మెల్లిగా నడుపుతాను. గట్టిగా బ్రేకే తొక్కను!”

“తొక్కాల్సి వచ్చిన రోజు?”

“వస్తే వస్తుంది. చస్తే చస్తాను. ఇంట్లో కూర్చుని చావడం కంటే నయం కదా!”

అమ్మ నా నోరు మూసింది. నాన్న నా దగ్గరికి వచ్చి, మసి చేతులు నాకు అంటకుండా వెనక్కి పెట్టుకుని, “నేను సంతకం పెట్టలేని బండిలో నిన్ను కూర్చోబెట్టనమ్మలూ. నా వల్ల కాదు” అన్నాడు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆయన చేసింది సరైనదే, నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా? ఆ రోజు నాన్నని అసహ్యించుకున్నంతగా నేను బతుకులో ఎవర్నీ అసహ్యించుకోలేదు.

ఫీజు గడువు దాటిపోయింది. నాన్న సెలవు అయిపోయింది. స్టేషనుకి వెళ్ళేముందు నా మంచం పక్కన నిలబడ్డాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. వెళ్ళిపోయాడు.

అమ్మ హిందీ మానేసింది. ఉన్న ఆ పది మాటలు కూడా. కూరగాయలవాడికి వేలితో చూపించేది, వేళ్ళు మడిచి లెక్క చెప్పేది. ‘దీదీ, కుఛ్ బోలో తో సహీ’, ఏదైనా మాట్లాడు అక్కా, అని వాడు వేళాకోళమాడేవాడు. నేను ఎంత చెప్పినా అమ్మ వినలేదు. నువ్వు సరిగ్గా చెప్పినా ఈ కారు నాకు వచ్చేది కాదమ్మా, అంకుల్ అన్నాడు కదా, అనేదాన్ని. “అవునే, అందుకే” అనేది. ఆ ‘అందుకే’ ఏమిటో నాకు అర్థమయ్యేది. మాకు దక్కిన ఆ నాలుగు మంచి నెలలు కూడా ఒక పొరపాటు వల్ల దక్కినవే. ఆవిడ పొరపాటు చెయ్యకపోతే అవీ లేవు. పోగొట్టుకున్నదేమిటో తెలిస్తే మనిషి దాని గురించి ఏడ్చి ఊరుకుంటాడు. మేము పోగొట్టుకున్నది అసలు ఎప్పుడూ లేనిది.

సన్నాసులు మా ఇంటికి రావడం తగ్గించారు. జీపాయన ఎదురుపడితే తల దించుకునేవాడు. నాన్న అతికించిన పలకని పాలం అంకుల్ కోసేసి, పెడల్‌ని మళ్ళీ మామూలుగా చేసి, నాన్న చెప్పి వెళ్ళినట్టే కారు అమ్మకానికి పెట్టాడు. ఆ కారు మామూలువాళ్ళకి పనికిరాదు, క్లచ్ పెడల్ లేదు. ఎవరు కొంటారులే, షెడ్డులోనే తుప్పు పడుతుంది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, తుప్పు పట్టాలనే కోరుకున్నాను.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం మా క్వార్టరు ముందు హారన్ మోగింది. బయటికి వెళ్ళి చూస్తే నా కారు. పాలం అంకుల్ పక్క సీట్లో ఉన్నాడు. నడుపుతున్నది నలభై ఏళ్ళ మనిషి, సైన్యంలో చేసి బయటికొచ్చినవాడు. యుద్ధంలో ఎడమ కాలు మోకాలి దాకా పోయింది. చెక్క కాలు ఆ మెత్తటి పీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూడా నా అంత పొట్టి మనిషే. సీటు జరపాల్సిన అవసరం కూడా రాలేదట. కొన్న రోజునే షెడ్డు నుంచి సొంతంగా నడుపుకుంటూ ఇంటికి పోయాడట. యుద్ధం తర్వాత మొదటిసారి ఒకరి భుజం పట్టుకోకుండా ఊళ్ళో తిరుగుతున్నానని, కట్టించినవాళ్ళకి దణ్ణం పెట్టాలని వచ్చాడు. మిఠాయి పెట్టె తెచ్చాడు.

ఆయన మంచివాడు. కళ్ళ నిండా నీళ్ళతో అమ్మకి చేతులు జోడించి ఏదేదో చెప్పాడు. అమ్మ పెట్టె పట్టుకుని నా వైపు చూసింది. “నీకు పుణ్యం వస్తుందంటున్నాడు” అన్నాను. అమ్మ తల వంచుకుంది. నాకు మాత్రం ఆయన చేతిలోంచి ఆ స్టీరింగు లాగేసుకోవాలనిపించింది. ఆయనకి కాలు లేదని కూడా జాలి కలగలేదు. నీకు సరైన కాలు పోయిందయ్యా, అదృష్టవంతుడివి అని గట్టిగా అరవాలనిపించింది.

వెళ్ళబోతూ ఆయన నా కడ్డీల వైపు చూశాడు. అప్పుడు గమనించాడో, అంకుల్ ముందే చెప్పాడో తెలియదు. ఇంజన్ నడుస్తుండగానే అంకుల్ దిగి వెనక సీట్లోకి మారాడు. ఆ మనిషి వంగి పక్క తలుపు నాకోసం తెరిచాడు.

“ఆ బేటీ, బైఠ్. కహాఁ జానా హై? ఛోడ్ దూఁ?”

ఎక్కడికి వెళ్ళాలంటే అక్కడ దింపుతానంటున్నాడని అమ్మకి తలుపు చూసే అర్థమైంది. “వెళ్ళవే, ఒక్కసారి ఎక్కు” అంది మెల్లిగా.

కాలేజీలు తెరిచి అప్పటికి చాలా రోజులైంది. నాకు పోస్టులో పాఠాలు రావడం మొదలైంది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడికి అని చెప్పను? ఢిల్లీ అంత ఊళ్ళో నేను వెళ్ళాల్సిన చోటు ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

“కహీఁ నహీ, అంకుల్” అని తలుపు మూసేశాను.